గుండె ఆపిన ఆ గంటసేపు పసిబిడ్డ ఒళ్ళు ఎలా బతుకుతుంది?

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళాను. కనుమ నాడు ఊరంతా ప్రభల తీర్థం చూడ్డానికి జగ్గన్నతోట పోతే మా పక్కింటి మామ్మగారు మాత్రం అరుగు మీదే కూర్చుండిపోయారు. మనవడు పుట్టి తొమ్మిది రోజులు, విశాఖపట్నంలో ఐసీయూలో ఉన్నాడు, ఇంకో రెండు రోజుల్లో ఆపరేషన్. గుండె నుంచి బయల్దేరే రెండు పెద్ద రక్తనాళాలు తారుమారుగా పుట్టాయి, ఒకదాని చోట ఒకటి. వాటిని కోసి, మార్చి కుట్టాలి. నేను పనిచేసేది ఇలాంటి ఆపరేషన్లలోనే అని ఆవిడకి తెలుసు కాబట్టి గేటు తీసిన చప్పుడు వినగానే పిలిచారు.

"గుండె ఆపేత్తారంట గదమ్మాయ్. ఆపేసినంతసేపూ మరి పిల్లోడి తలకాయి, పేగులు, అయ్యన్నీ ఎలా బతుకుతాయి?"

ఇన్నేళ్ళలో నన్ను ఇంత సూటిగా అడిగినవాళ్ళు తక్కువ. అందరూ గుండె గురించే అడుగుతారు, చిల్లు మూసేశారా, నరం కుట్టేశారా అని. నిజానికి గుండెని బాగుచేస్తున్నంతసేపూ మెదడు, కిడ్నీలు, పేగులు, ఊపిరితిత్తులు పాడవకుండా చూసుకోవడమే ఆ ఆపరేషన్లో సగానికి పైగా పని, పైగా ఆ కాపాడే పని థియేటర్ తలుపు దగ్గర మొదలవదు, బిడ్డ పుట్టిన ఊళ్ళోనే మొదలవుతుంది. ఆ రోజు ఆవిడకి అరుగు మీద కూర్చుని చెప్పిందే ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాదు, పర్ఫ్యూజనిస్టుని. గుండె, ఊపిరితిత్తులు చేసే పనిని కాసేపు తన మీద వేసుకునే మిషన్ ఒకటుంటుంది, మేమంతా దాన్ని పంప్ అంటాం, దాని ముందు కూర్చుని నడిపేది నేను. ఒంట్లో వాడేసిన నల్లటి రక్తం ఒక గొట్టంలోంచి నా దగ్గరికొస్తుంది, ఊపిరితిత్తుల బదులు ఆక్సిజన్ ఎక్కించే ఆక్సిజనేటర్ గుండా పోయి చిక్కటి ఎరుపుతో ఇంకో గొట్టంలోంచి బిడ్డలోకి వెళ్ళిపోతుంది. ఆ రెండు గొట్టాల రంగు తేడాని కంటితో చూడొచ్చు, మానిటర్ అక్కర్లేదు.

మామ్మగారి భర్త కాలువల మీద లాకులు చూసుకునే లస్కరుగా చేసినాయన, కాబట్టి ఆవిడకి లాకుల లెక్కలో చెప్పడం తేలికైంది. లాకు పాడైతే వేసవిలో కాలువ కట్టేసి, అడుగు ఎండాక మరమ్మతు చేస్తారు. కాలువకి ఏడాదిలో ఆ సెలవు ఉంది. ఒంటికి లేదు, అక్కడ చేను ఎప్పుడూ పొట్ట మీదే ఉంటుంది. కాబట్టి లాకు విప్పినంతసేపూ ఎగువన నీళ్ళు తోడి దిగువన పోసే ఇంజను ఒకటి ఆగకుండా ఆడుతూ ఉండాలి. ఆ ఇంజనే నా పంప్. అయితే ఇంజను పోసే నీళ్ళు కాలువ పారినట్టు పారవని మన రైతులెవర్నడిగినా చెప్తారు. రబీలో గోదావరిలో నీళ్ళు తగ్గి వంతులు పెట్టినప్పుడు ముందు నెర్రెలిచ్చేది శివారు చేలే కదా. ఒంట్లో కూడా అంతే, రక్తం తగ్గిందంటే ఒళ్ళు తనకి తానే వంతులు పెట్టుకుంటుంది, మెదడుకీ గుండెకీ ముందు పంపించి కిడ్నీలకీ పేగులకీ కోత పెడుతుంది. కిడ్నీలు, పేగులు ఒంటికి శివారు ఆయకట్టు అన్నమాట.

ఇదంతా పెద్దవాళ్ళకైనా ఒకటే, కానీ పసిబిడ్డ దగ్గర లెక్కలే మారిపోతాయి. పుట్టిన బిడ్డ ఒంట్లో రక్తం కిలోకి 80, 85 మిల్లీలీటర్లు. మూడు కిలోల పిల్లాడంటే మొత్తం కలిపి పావు లీటరు, పాల ప్యాకెట్లలో చిన్నదానంత. నా పంపు గొట్టాలు, ఆక్సిజనేటర్ గాలి లేకుండా నింపడానికే ఇంచుమించు అంత పడుతుంది, ఒక్కోసారి ఎక్కువే. అంటే పంప్ మీద పెట్టిన మొదటి నిమిషంలోనే బిడ్డ రక్తం, బయటిది సగం సగం కలిసిపోతాయి. ఉత్త సెలైన్‌తో నింపితే రక్తం నీళ్ళచారు అయిపోయి ఆక్సిజన్ మోసే ఎర్రకణాలు చాలవు, అందుకని దాత ఇచ్చిన రక్తం కలుపుతాం. ఎంత చిక్కగా ఉండాలన్న దాని మీద బోస్టన్‌లో పసిపిల్లల మీదే పరీక్షగా చూశారు, ఆ ఫలితాలు 2003లో వచ్చాయి. పంప్ మీద రక్తంలో ఎర్రకణాల వాటాని 20 శాతం దగ్గర ఉంచిన పిల్లల కంటే 30కి దగ్గరగా ఉంచిన పిల్లలు ఏడాది వయసులో కదలికల్లో, చేతిపనుల్లో మెరుగ్గా ఉన్నారు. అప్పటిదాకా పల్చగా ఉంటే సన్నటి నాళాల్లో బాగా పారుతుందిలే అనుకునేవాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు.

అందుకే పసిబిడ్డ కేసు రోజున ఉదయం నేను చేసే మొదటి పని గొట్టాలు కత్తిరించడం. పంపుని టేబుల్‌కి ఎంత దగ్గరకి జరపగలిగితే అంత జరిపి, సర్జన్ మోచేతికి అడ్డురాకుండా చూసుకుని, గొట్టాన్ని బెత్తెడు తగ్గించగలనా, ఇంకో రెండు వేళ్ళు తగ్గించగలనా అని కొలుచుకుంటాను. తగ్గించిన ప్రతి వేలెడూ బిడ్డకి పరాయి రక్తం కొన్ని చుక్కలు తగ్గినట్టే.

వేగం ఇంకో సంగతి. కిలోకి నిమిషానికి 150 నుంచి 200 మిల్లీలీటర్లు పంపాలి, అంటే మూడు కిలోల బిడ్డకి అర లీటరు దాకా. ఒంట్లో ఉన్న మొత్తం రక్తం నిమిషానికి రెండుసార్లు నా చేతిలోంచి తిరిగి వెళ్తుందన్నమాట. రిజర్వాయర్ అనే డబ్బాలో ఎప్పుడూ నిలవ ఉండేది కాస్తే, వచ్చే గొట్టం ఎక్కడైనా మడత పడితే అది కొన్ని సెకన్లలో ఖాళీ అవుతుంది, ఖాళీ అయితే గాలి బుడగ బిడ్డలోకి పోవచ్చు, పోయిన బుడగ మెదడులోకి చేరొచ్చు. మట్టం తగ్గితే మోగే అలారం, బుడగ కనబడితే పంపుని ఆపేసే సెన్సర్, దారిలో ఫిల్టర్ ఇవన్నీ ఉంటాయి. ఉన్నా సరే నా కళ్ళు ఆ డబ్బా మీద గీతల మీంచి కదలవు.

మెదడు గురించి చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. పంప్ లేని రోజుల్లో మనిషిని చల్లబరిస్తే ఆక్సిజన్ అవసరం తగ్గుతుందని కెనడాలో విల్‌ఫ్రెడ్ బిగెలో కుక్కల మీద చూపించారు. 1952లో అమెరికాలోని మినెసోటాలో జాన్ లూయిస్ అయిదేళ్ళ పాపని చల్లబరిచి, రక్తప్రసారం కొన్ని నిమిషాలు ఆపి, గుండెలో చిల్లు మూశారు. మరుసటి ఏడాది మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ పంప్ పెట్టి మొదటిసారి విజయం సాధించారు. ఆ తర్వాతి సంవత్సరం వాల్టన్ లిల్లెహై చేసింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. బిడ్డ పక్కన తల్లినో తండ్రినో పడుకోబెట్టి, వాళ్ళ రక్తనాళాలకి బిడ్డవి కలిపి, తల్లి గుండె, తల్లి ఊపిరితిత్తులతోనే బిడ్డని బతికిస్తూ ఆపరేషన్ చేశారు. అలా 45 మందికి చేశారు. నేనీవేళ కూర్చునే కుర్చీలో అప్పట్లో ఒక అమ్మో నాన్నో పడుకునేవాళ్ళు.

పంపులు మెరుగయ్యాక కూడా చల్లదనాన్ని వదల్లేదు, పసిబిడ్డల దగ్గర ఇంకా లోతుకి వెళ్ళారు. ఒంటిని 37 డిగ్రీల నుంచి 18కి దింపి, పంపుని కూడా ఆపేసి, ఒంట్లోంచి రక్తాన్ని రిజర్వాయర్‌లోకి తీసేసుకుని, గొట్టాలు కూడా అడ్డంలేని ఖాళీ గుండె మీద సర్జన్ పనిచేస్తాడు. చల్లబడే కొద్దీ కణాలు తినే ఆక్సిజన్ తగ్గుతూ పోతుంది, 10 డిగ్రీలు దిగితే సగం కంటే కిందికి పడిపోతుంది, కాబట్టి 18 దగ్గర అరగంట, నలభై నిమిషాల లోపు మెదడు ఓర్చుకుంటుందని లెక్క. వాల్నట్ కాయంత గుండె, అందులో దారం వెంట్రుక కంటే సన్నం, రక్తం అడ్డం లేకపోవడం సర్జన్‌కి ఎంత మేలో చెప్పక్కర్లేదు. కానీ ఓర్చుకుంటుంది అంటే దెబ్బ తగలదని కాదు కదా. దీన్ని తేల్చడానికే 1988లో బోస్టన్‌లో మొదలుపెట్టి, సరిగ్గా మామ్మగారి మనవడి లాంటి జబ్బున్న 171 మంది పిల్లల్ని రెండుగా విడదీశారు, ఒక గుంపుకి పంప్ ఎక్కువసేపు ఆపారు, రెండో గుంపుకి కొంచెం కొంచెంగా నడుపుతూనే ఉంచారు. పూర్తిగా ఆపిన పిల్లల్లో ఫిట్స్ ఎక్కువ వచ్చాయి, ఏడాదికి కదలికల్లో వెనకబాటు కూడా ఎక్కువ కనబడింది. ఇంకొన్నేళ్ళు పోయాక, బళ్ళో కూర్చునే వయసుకి వచ్చాక చూస్తే రెండు గుంపుల్లోనూ కొందరికి చదువులో, మాటలో, శ్రద్ధ పెట్టడంలో ఇబ్బందులున్నాయి. పంపు ఆపకపోయినా మెదడు పూర్తిగా భద్రం కాదని అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత పద్ధతి మారింది. ఇలా రక్తనాళాలు మార్చే ఆపరేషన్‌కి ఇప్పుడు చాలాచోట్ల పంపు అసలు ఆపరు, అంత చల్లబరచరు కూడా. గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళం, అంటే బృహద్ధమని, దాని వంపు దగ్గర కుట్టాల్సిన బిడ్డలకి మాత్రం ఆపక తప్పని పరిస్థితి వస్తుంది, అప్పుడు కూడా కుడి చేతికీ మెదడుకీ వెళ్ళే నాళం ఒక్కదానిలోకి సన్నగా రక్తం పంపిస్తూ మిగతా ఒంటికి మాత్రమే ఆపుతాం. తల చుట్టూ ఐస్ ప్యాక్‌లు పెడతారు. నుదుటి మీద ఒక స్టిక్కర్ అంటిస్తారు, అది చర్మం మీంచి వెలుతురు పంపించి మెదడు రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో అంకె చూపిస్తుంది. ఆపరేషన్‌కి ముందున్న అంకె కంటే అది బాగా కిందికి జారితే మత్తు డాక్టరూ నేనూ ఒకేసారి తలెత్తుతాం, తల ఒరిగి మెడ నరం నొక్కుకుందా, గొట్టం కొస పక్కకి జరిగిందా, వేగం పెంచాలా, రక్తం చాలట్లేదా. ఇంకో స్టిక్కర్ నడుం పక్కన కిడ్నీ పైన అంటిస్తారు. శివారుకి నీళ్ళందుతున్నాయా అని చూసేది అదే.

మళ్ళీ వెచ్చబరచడం కూడా నా పనే, తొందరపడితే అక్కడే చేటు. ఒకేసారి వేడెక్కిస్తే మెదడు ఆకలి పెరిగినంత వేగంగా రక్తం అందదు. ఆపరేషన్ తర్వాతి రోజుల్లో జ్వరం రానివ్వకూడదనేది కూడా ఇందుకే. పసిబిడ్డలకి వచ్చే ఫిట్స్ చాలావరకు కంటికి కనబడవు, చెయ్యీ కాలూ కొట్టుకోవు, మెదడు తరంగాల పరీక్ష పెడితేనే తెలుస్తాయి.

ఇక ఆపాల్సిన గుండె సంగతి. దాన్ని కార్డియోప్లీజియా అనే మందు ద్రావణంతో ఆపుతారు, అందులో ముఖ్యమైనది పొటాషియం. 1955లో లండన్‌లో డెనిస్ మెల్‌రోజ్ చూపించిన దారి అది. చల్లటి ద్రావణం గుండె కండరానికి చేరగానే కొట్టుకోవడం ఆగి మెత్తగా వదులైపోతుంది. ఆగిన గుండె దాదాపు ఏమీ ఖర్చు పెట్టదు, దానికి కావలసిన రక్షణే అది. మేము ఎక్కువగా వాడేది డెల్ నీడో అని, పిల్లల కోసమే అమెరికాలో తయారైన ద్రావణం, ఒక్క డోసుతో గంట దాకా ఆగుతుంది కాబట్టి మాటిమాటికీ సర్జన్ని ఆపక్కర్లేదు. పసి గుండె కండరం కాల్షియంని లోపల దాచుకోలేదు, బయటి రక్తంలోంచే తీసుకుంటుంది, ఎక్కువైతే తిమ్మిరెక్కినట్టు బిగుసుకుపోతుంది, అందుకని కాల్షియం ఎప్పుడు తగ్గించాలి ఎప్పుడు సరిచేయాలి అన్నది చిన్నపిల్లల దగ్గర మరీ కచ్చితంగా చూసుకోవాలి. గుండెకి రక్తం రాకుండా బృహద్ధమనికి బిగించిన క్లాంప్ తీశాక ఆ మందు కడుక్కుపోయి గుండె తనంతట తానే ఒక్కసారి ముడుచుకుంటుంది. మొదటి దెబ్బ, కాస్త ఆగి రెండోది. ఆ క్షణంలో థియేటర్లో ఎవరూ మాట్లాడరు.

బంధువులు ఎక్కువ భయపడేది దీని తర్వాత. ఐసీయూ అద్దంలోంచి చూస్తే బిడ్డ ఉబ్బిపోయి గుర్తుపట్టలేనట్టు ఉంటాడు, ఒక్కోసారి ఛాతీ కుట్టకుండా పైన పల్చటి షీటు మాత్రం అతికించి ఉంటుంది. రక్తం అంతసేపు ప్లాస్టిక్ గొట్టాల్లో తిరిగితే ఒళ్ళు దాన్ని పెద్ద దెబ్బగానే లెక్కేసి వాపు తెచ్చుకుంటుంది, సన్నటి నాళాల్లోంచి నీరు బయటికి కారుతుంది. అలా వాచిన గుండె మీద ఎముకలు మూస్తే దానికి ఊపిరాడదు, అందుకని ఒకటి రెండు రోజులు తెరిచే ఉంచి వాపు తీశాక మూస్తారు. అది కూడా రక్షణే, ఏదో తేడా వచ్చిందని కాదు. పంప్ ఆపాక, గొట్టాలు తీసేముందు రక్తంలో అదనపు నీటిని పిండేసే పద్ధతి లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో 1990ల మొదట్లో వచ్చింది, ఇప్పుడు చాలాచోట్ల మామూలైపోయింది. ఆ వాపు తగ్గించడానికి స్టెరాయిడ్ ఇవ్వడం చాలా ఏళ్ళ అలవాటు, కానీ 1200 మంది పసిబిడ్డల మీద చేసిన పరీక్షలో 2022లో తేలింది ఏంటంటే, అనుకున్నంత మేలు రుజువు కాలేదు, పైగా షుగర్ పెరిగి ఇన్సులిన్ పెట్టాల్సి రావడం ఎక్కువైంది. అదే ఏడు పంపులో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు కలపడం మీద 1300 మందికి పైగా పిల్లల్లో చేసిన పరీక్షలో కూడా వెంటిలేటర్ రోజులేమీ తగ్గలేదు. మేమంతా నమ్మిన రెండు మంచి ఆలోచనలవి. అయినా ఇలా తేల్చి చెప్పినవాళ్ళకి నేను రుణపడి ఉంటాను, లేకపోతే పిల్లలకి అక్కర్లేనివి పెడుతూనే ఉండేవాళ్ళం.

కిడ్నీలు కోలుకున్నాయో లేదో చెప్పేది మూత్రం. కిలోకి గంటకి ఒక మిల్లీలీటరు రావాలి. మూడు కిలోల బిడ్డకి గంటకి మూడు మిల్లీలీటర్లు, చిన్న సిరంజిలో అడుగు భాగం. నర్సమ్మ వంగి, ఆ గొట్టం చివర కొలత సీసాని వెలుతురుకి ఎత్తి, కళ్ళు చిట్లించి గీత చూసి రాసుకుంటుంది, గంట గడవగానే మళ్ళీ. అది రాకపోతే కడుపులోకి వేసిన సన్నటి గొట్టంతో ద్రవం ఎక్కించి తీసే డయాలిసిస్ చేస్తారు. చాలాచోట్ల ఆ గొట్టాన్ని ఆపరేషన్ టేబుల్ మీదే ముందు జాగ్రత్తగా వేసి పంపిస్తారు, కాబట్టి డయాలిసిస్ అన్న మాట వినగానే కిడ్నీలు పోయాయని ఏడవొద్దు, ఎక్కువమందిలో కొద్ది రోజులకి తిరిగి అందుకుంటాయి. పేగులకైతే తల్లిపాలని మించింది లేదు. రక్తం చాలని పేగు మీద డబ్బా పాలు వేస్తే పేగు కుళ్ళే ప్రమాదం పెరుగుతుంది, కాబట్టి బిడ్డ ఐసీయూలో ఉన్నా తల్లి రోజూ పాలు పిండుతూ ఉండాలి, మొదట చుక్కలు చుక్కలుగానే పెడతారు. బాలింతని ఊళ్ళో వదిలేసి మగవాళ్ళు మాత్రం విశాఖపట్నమో హైదరాబాదో వెళ్ళడం మన వైపు చూస్తుంటాను. దయచేసి ఆమెని కూడా తీసుకెళ్ళండి.

ఇవన్నీ పెద్ద ఊళ్ళలో జరిగేవి. నన్ను బాధపెట్టేది ముందు జరిగేది. కొన్నేళ్ళ క్రితం డెల్టా నుంచే ఒక బిడ్డ వచ్చాడు, పన్నెండు రోజులవాడు. అంతకుముందు మూడు రోజులు ఒకచోట ఆయాసానికి జలుబు మందు వాడారు. ఏసీ అంబులెన్స్‌లో పల్చటి టవల్లో చుట్టి తెచ్చారు, ముట్టుకుంటే పాదాలు చేప ముట్టుకున్నట్టు చల్లగా ఉన్నాయి, షుగర్ పడిపోయి ఉంది, నిన్నటి నుంచి మూత్రం లేదు. కత్తి పెట్టకముందే శివారు ఎండిపోయిందన్నమాట. నాలుగు రోజులు వాణ్ణి వెచ్చబెట్టి, మందులతో కిడ్నీలని తిరిగి రాబట్టాకే ఆపరేషన్ చేశారు. బతికాడు. కానీ ఆ నాలుగు రోజులూ వాడి మెదడు ఏం పోగొట్టుకుందో ఏ స్టిక్కరూ చూపించదు.

దీనికి మందు ఖరీదైంది కాదు. నూరుమంది పిల్లల్లో ఇంచుమించు ఒకరు గుండెలో ఏదో ఒక లోపంతో పుడతారు. బిడ్డ పుట్టి 24 గంటలు దాటాక కుడి చేతికీ ఒక కాలికీ పల్స్ ఆక్సీమీటర్ పెట్టి చూడాలి. రెండు చోట్లా 95, ఆ పైన ఉండి, రెంటి మధ్య తేడా 3 దాటకపోతే సరే. ఎక్కడైనా 90 లోపు ఉంటే ఆగకుండా పంపాలి. మధ్యలో ఉంటే గంటాగి మళ్ళీ చూడాలి. కొన్ని లోపాలు దీనికి అందవు, అందుకే డాక్టరు గజ్జల్లో నాడి కూడా పట్టి చూడాలి. కోవిడ్ రోజుల్లో మన ఇళ్ళల్లోనే ఆక్సీమీటర్లు కొన్నాం, కానీ పసిబిడ్డకి వాటి క్లిప్పు పనికిరాదు, చుట్టే రకం ప్రోబ్ కావాలి, కాన్పు చేసే ఆసుపత్రిలో అది అడిగి పెట్టించుకోండి. పాలు తాగుతూ తాగుతూ ఆగి రొప్పడం, నుదుటి మీద చెమట, పెదాలూ నాలుకా నీలంగా మారడం కనబడితే జలుబని ఊరుకోవద్దు. కడుపులో ఉన్నప్పుడు ఊపిరితిత్తులకి పక్కదారిగా ఉన్న నాళం పుట్టాక మూసుకుపోతుంది, కొన్ని లోపాల్లో బిడ్డ బతికేది దాని మీదే, దాన్ని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్ మందు బయల్దేరేముందే మొదలుపెట్టొచ్చేమో పిల్లల డాక్టర్ని అడగండి. దారిలో తల్లి గుండెలకి హత్తుకుని పడుకోబెడితే, నెత్తికి టోపీ, కాళ్ళకి మేజోళ్ళు ఉంటే చాలావరకు చలి తగలదు. డబ్బుల సంగతికి 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది, బళ్ళల్లో అంగన్‌వాడీల్లో పిల్లల్ని చూసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది, తిరుపతిలో టీటీడీ పెట్టిన పద్మావతి పిల్లల గుండె ఆసుపత్రి 2021 నుంచి నడుస్తోంది.

మామ్మగారి మనవడి ఆపరేషన్ రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను, వేరేవాళ్ళు పంప్ నడిపారు. సాయంత్రం కొడుకు ఫోన్ చేసి ఆపరేషన్ అయిపోయింది, గుండె కొట్టుకుంటోంది అని చెప్తే ఆవిడ ఊఁ అని విని, అది కాదురా, గంటకెంత పోశాడో ఆ నర్సమ్మనడిగి చెప్పు అన్నారు. వాడు మళ్ళీ చేసేసరికి రాత్రి తొమ్మిదైంది. ఆవిడ గోడ మీంచి నన్ను కేకేశారు.

"అమ్మాయ్, నాలుగంట! గంటకి నాలుగు మిల్లీలీటర్లంట! శివారుకి అందేయంటావా?"

"అందేయండి మామ్మగారూ" అన్నాను.